డిసెంబరుకు మెత్తని పట్టీ

ఆళ్లగడ్డ పెళ్లినాటికి అజయ్ కుమార్ చేయాల్సిన పనులు ఇవి:

గుర్రం మోచేతుల వెనక పడిన పుండ్లు మాన్పాలి.
పాత నవారు పట్టీని నాయన కంటపడకుండా దాచాలి.
దాని బదులు ఒత్తుకోని కొత్త పట్టీ డిజైన్ చేయాలి.
అది పనిచేస్తుందని నాయనను నమ్మించాలి.
అమ్మ తెచ్చిన సంబంధం ఫోటో చూసి అవునో కాదో చెప్పాలి.
ఈ గొడవలో పడి విత్తనాల కంపెనీలో ఉద్యోగం పోగొట్టుకోకూడదు.

మొదటి పని అమ్మ చేసింది. చివరిది దేవుడు చేశాడు. మధ్యలోవి మన ఇంజినీరు నెత్తికెత్తుకున్నాడు కాబట్టే ఇంత కథ అయింది.

వాళ్ల వంశంలో మొదటి డిగ్రీ అజయ్‌ది. బి.టెక్ మెకానికల్. అది చేతికొచ్చిన రోజు నుంచి ఇంట్లో ఏది చెడినా "ఇంజినీరున్నాడు గదా" అనేవాళ్లు. మిక్సీ చెడితే అజయ్, ఫ్యాను చెడితే అజయ్. పాపం అతను వాటిని గుట్టుగా అంగడికి తీసుకెళ్లి బాగుచేయించి, ఒక పూట తన గదిలో ఉంచుకుని, చేతులకు కాస్త గ్రీజు పూసుకుని మరీ తెచ్చి ఇచ్చేవాడు. ఇంటిల్లిపాదీ పెట్టుకున్న నమ్మకం అంత బరువుగా ఉండేది.

నాయన ఏసయ్యకు నంద్యాల శివారులో చిన్న ఇల్లు, పక్కనే రేకుల కొట్టం, కొట్టంలో ఒక తెల్ల ఆడగుర్రం. పెళ్లి ఊరేగింపుల్లో పెళ్లికొడుకును మోయడం దాని పని, కళ్లెం పట్టుకుని ముందు నడవడం ఏసయ్య పని. క్రిస్మస్ నెలలో ఇంటికి వచ్చింది కాబట్టి దానికి డిసెంబరు అని పేరు పెట్టారు.

పుండ్ల సంగతి కోయిలకుంట్లలో బయటపడింది. ఊరేగింపు నడుమ డిసెంబరు ఒళ్లు ఒక్క విదిలింపు విదిలించింది. పెళ్లికొడుకు ఎగిరి డప్పుల వాళ్ల మధ్యలో పడ్డాడు. అదీ పెళ్లితంతే అనుకుని వాళ్లు ఇంకాస్త ఊపుగా వాయించారు. ఇంటికొచ్చి జీను దించి చూస్తే, ముందుకాళ్ల మోచేతుల వెనక వెంట్రుకలు రాలి, తోలు లేచిపోయి ఉంది. జీను జారకుండా కడుపు కింద నుంచి తెచ్చి బిగించే పట్టీ పాత మంచం నవారుతో చేసింది. ముడుచుకుని ముడుచుకుని తాడులా తయారైంది.

"దాని తప్పేం ల్యా నాయనా. పట్టీ కోస్తాంది," అన్నాడు అజయ్.

"పోయి ఆ పెండ్లికొడుక్కు చెప్పు. ఇంకొక్కసారి ఎవర్నన్నా కిందేసిందంటే అమ్మేస్తా. కిందేసే గుర్రాన్ని కొనేదెవరో నీకు తెల్సు గదా."

తెలుసు. ఇటుకల బట్టీవాళ్లు. అక్కడ బండికి కట్టిన గుర్రాన్ని అజయ్ ఒకసారి చూశాడు. రెండోసారి చూడాలనిపించలేదు.

"ఆళ్లగడ్డ పెండ్లి వరకు నాకిడ్చిపెట్టు. కొత్త పట్టీ నేను డిజైన్ చేస్తా."

"ఏందీ?"

"డిజైన్."

ఏసయ్య గుర్రం వైపు తిరిగాడు. "ఇన్నావామ్మే? ఇంజినీరు నీకు డిజైన్ చేస్తాడంట." డిసెంబరు ఈగను తోలుకుంది.

అమ్మ జీవమ్మ ఆ పూట నుంచే పుండ్లు ఉప్పునీళ్లతో కడిగి, పశువుల డాక్టరు ఇచ్చిన మందు పూస్తూ, జీను దగ్గరికి రానివ్వకుండా గుర్రాన్ని కాపాడింది. కొడుకు మాత్రం ఫోన్లో దేశదేశాల గుర్రాల వీడియోలు చూశాడు. అతనికి కాలేజీలో నేర్చుకున్న ఒక్క సూత్రం బాగా గుర్తుంది: బరువు ఎంత వెడల్పున పరుచుకుంటే ఒత్తిడి అంత తగ్గుతుంది. అంటే పట్టీ ఎంత వెడల్పయితే అంత సుఖం. ఇంత చిన్న సంగతి లోకంలో ఎవరికీ ఎలా తట్టలేదో అనుకుంటూ, పాత లారీ సీటు స్పాంజి తెచ్చి, మూరెడు వెడల్పున పట్టీ తయారుచేశాడు. అది కట్టించుకున్న డిసెంబరు, గంజి పెట్టిన కొత్త చీర కట్టుకున్న పెళ్లికూతురులా, కాలు తీసి కాలు వేయడానికి ఆలోచించింది.

ఒత్తిడి ఎంతుందో కొలవాలి గదా. ఇంట్లో ఒత్తిడి కొలిచే యంత్రం ఒకటే ఉంది. అమ్మ బీపీ మిషను. దాని చేతికి చుట్టే గాలిసంచీని పట్టీ కింద దూర్చి బటన్ నొక్కాడు. మిషను ఊపిరి పీల్చింది, గుర్రం ఊపిరి పీల్చింది, ఇద్దరిలో ఎవరు గెలిచారో తెలియదు గానీ తెర మీద "ఎర్రర్" అని పడింది.

"ఏందిరా, నా బీపీ మిషను గుర్రానికి కట్టినావంటనే?"

"ఊరికే సూసినాలేమ్మా."

"దానికెంతుందో ఏమో గానీ, దీన్ని సూస్తానే నాకు పెరిగింది. లద్ది వాసనొస్తాంది, నువ్వే ఉంచుకో."

గుర్రం చెప్పదు, మిషను చెప్పదు. ఇక మిగిలింది తను. పట్టీని తన ఒంటికే కట్టుకుని చూస్తే ఎక్కడ ఒత్తుతుందో తెలుస్తుందని ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే ముచ్చటేసింది. తన మీద తనకు ముచ్చటేసిన ప్రతిసారీ ఏదో ఒకటి జరుగుతుందని ఈసారీ గుర్తురాలేదు. స్పాంజి కొంత తగ్గించి, రొమ్ము చుట్టూ బిగించి, పైన వదులు చొక్కా వేసుకుని ఆదివారం ఆరాధనకు వెళ్లాడు. రోజంతా కట్టుకుంటేనే గదా ఫలితం తెలిసేది.

పాటలు పాడేంతసేపు బాగానే ఉంది. కాస్త ఆయాసం, అంతే. ఆ తర్వాత మోకాళ్ల ప్రార్థన. మోకాళ్ల నొప్పి ఉన్న ఏసయ్యలాంటి వాళ్లు వెనక కుర్చీల్లో ఉండిపోతారు గానీ, మిగతావాళ్లందరూ చాపల మీద మోకాళ్లూని, మోచేతులు నేలకు ఆనించి, తల వంచాలి. పాస్టరు గారు వానల కోసం, శనగ పంట ధర కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థిస్తూ పోయారు. అంతలో అజయ్‌కు తెలిసింది, తానిప్పుడు అచ్చంగా డిసెంబరులా నాలుగు కాళ్ల మీద ఉన్నానని.

ఒక మోచేయి ముందుకు జరిపాడు. పట్టీ అంచు చంక వెనక కసుక్కుమంది. రెండోది జరిపాడు. అక్కడా కసుక్కుమంది. రొమ్ము ఎముక కింద మాత్రం హాయిగా, దిండు పెట్టినట్టుంది. మళ్లీ ముందుకు, వెనక్కు. పక్క చాప మీది పెద్దాయన ఒక కన్ను తెరిచి చూసి, ఆత్మావేశమనుకుని కాస్త దూరం జరిగాడు. అజయ్ కుమార్ అలా ఉన్నచోటనే నడక సాగించాడు. వెడల్పు కావాల్సింది కింద, రొమ్ము ఎముక దగ్గర! మోచేతుల వెనక వెడల్పే శత్రువు. అక్కడ లోపలికి కోసేయాలి!

"ప్రభువా, మాకు ఏ దారీ కనబడటం లేదు," అంటున్నారు పాస్టరు గారు.

"దొరికింది!" అన్నాడు అజయ్, పైకే.

సంఘమంతా ఆమేన్ అంది.

బయటికొచ్చాక మేనత్త ఎస్తేరు వచ్చి, "బాగ ప్రార్థన సేసినావు నాయనా," అని వీపు తట్టింది. తట్టిన చెయ్యి అక్కడే ఆగింది. చొక్కా మీద నుంచి బకిల్ తడిమి చూసింది.

"ఏందిరా ఇది?"

"ఏం ల్యాత్తా."

"ఓర్నీ! పొట్ట తగ్గే బెల్టు గదరా! టీవీలో సూపిస్తాంటారు. పెండ్లిచూపులకు నడుం సన్నం సేస్తాండావా?"

కాదని చెప్పాలంటే గుర్రం పట్టీ కట్టుకున్నానని చెప్పాలి. రెంటిలో ఏది తక్కువ పరువునష్టమో లెక్కగట్టి, "అవునత్తా," అన్నాడు. మధ్యాహ్నం అన్నాలవేళకు వీధంతా ఆ బెల్టు యాడ దొరుకుతుందని అడిగింది. ఫోటోలోని అమ్మాయి వాళ్లింటికీ ఆ కబురు ముందే చేరిపోయింది కాబట్టి, అవునో కాదో చెప్పే శ్రమ అజయ్‌కు తప్పింది. వాళ్లే చెప్పారు, కాదని.

కొత్త ఆకారాన్ని పేపరు మీద గీసి కత్తిరించి, జాకెట్లు కుట్టే సుజాత దగ్గరికి తీసుకెళ్లాడు. కింద వెడల్పు, రెండు పక్కలా చంక కోసినట్టు లోపలికి వంపు, చివరలు సన్నం. సుజాత అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఎవురి జాకెట్టప్పా ఇది? మనిషి బాగ దిట్టంగా ఉన్నట్టుందే."

"జాకెట్టు కాదక్కా. డిసెంబరుకు."

"డిసెంబరుకా? ఇంకా శానా టైముంది, ఈడ పెట్టిపో."

"డిసెంబరంటే మా గుర్రం అక్కా."

సుజాత మిషను తొక్కడం ఆపి నవ్వింది. ఎంతసేపటికీ నవ్వు ఆపకపోతే, అజయ్ ఇంకెవరి పనికో వచ్చినవాడిలా ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఆమె దిట్టమైన కాన్వాసుతో కుట్టిచ్చింది. గుర్రం ఊపిరి పీల్చినప్పుడు పట్టీ సాగాలని ఒక చివర ఎలాస్టిక్ పెట్టించాడు. సాగేవైపుకు జీను కొద్దికొద్దిగా వాలి, దాని మీద కూర్చోబెట్టిన బియ్యం మూట కొట్టంలో కుడితి తొట్టిలోకి దిగబడింది. మరుసటి రోజు రెండు చివరలకూ సమానంగా పెట్టించాడు. లోపలి వైపు మెత్తగా ఉండాలని, ఏళ్ల తరబడి ఉతికి ఉతికి దూదిలా అయిన గొంగడి ముక్క వేయించాడు.

"నా గొంగడి యాడ?" అని ఏసయ్య ఇల్లంతా వెతికాడు.

"డిసెంబరు కప్పుకుంది," అంది జీవమ్మ.

పుండ్లు మాని కొత్త వెంట్రుకలు వచ్చాక కట్టి చూశారు. పాత పట్టీ తెస్తే చాలు డిసెంబరు పళ్లు బయటపెట్టి తల తిప్పేది. ఈసారీ తిప్పింది. వాసన చూసింది. మళ్లీ మేతలో మూతి పెట్టింది. అజయ్‌కు కాలేజీలో డిగ్రీ చేతికిచ్చిన రోజు కూడా ఇంత బాగా అనిపించలేదు. ఏసయ్య మాత్రం అజయ్ దాచిన పాత నవారు ఎక్కడుందో వెతికి తీసి సంచిలో పెట్టుకున్నాడు, ఎందుకైనా మంచిదని.

ఆళ్లగడ్డ పెళ్లికొడుకు పవన్. మంచి పుష్టిగల మనిషి. అతను ఎక్కి కూర్చోగానే అజయ్ పట్టీ బకిల్ ఇంకోసారి లాగి చూశాడు. డీజే మొదలైంది, టపాకాయలు మొదలయ్యాయి, నెత్తిమీద డ్రోన్ తుమ్మెదలా తిరిగింది. ఏసయ్య కళ్లెం పట్టుకుని ముందు నడుస్తుంటే, అజయ్ గుర్రం పక్కన వంగి, పట్టీనే చూస్తూ నడిచాడు. పట్టీ మీద పెళ్లికొడుకు పంచె పడినప్పుడల్లా తొలగించి చూశాడు.

"ఏందన్నా, నా పంచె కింద ఏం సూస్తాండావ్?" అన్నాడు పవన్, తలపాగా సర్దుకుంటూ.

"నిన్ను కాదు పవన్, గుర్రాన్ని."

"అందరూ వీడియో తీస్తాండారన్నా. రేపు ఊళ్లో ఏమనుకుంటారు?"

వీడియోలో ఇప్పటికీ ఉంది. పెళ్లికొడుకు, పూలు, దీపాలు, ప్రతి దృశ్యంలోనూ కింద ఒక బి.టెక్ తల.

మండపం దాకా డిసెంబరు ఒక్క అడుగు తప్పు వేయలేదు. కుర్రాళ్లు దాని ముందు అంతసేపు చిందులు వేస్తుంటే ఒక కాలు సడలించి, నిలబడే కునుకు తీసింది. జీను దించాక ఏసయ్య వంగి మోచేతుల వెనక చెయ్యి పెట్టి రుద్ది చూశాడు. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సంచిలో నుంచి పాత నవారు తీసి చెత్తకుప్ప మీద పడేశాడు. అజయ్‌కు అది చాలు.

ఇటుకల బట్టీ తప్పిందని అతను ఊపిరి పీల్చుకున్నాడో లేదో, పవన్ మేనమామ లక్ష్మీనారాయణ దగ్గరికి వచ్చాడు. బెలుం గుహలకు పోయే దారిలో ఆయనకు కూల్‌డ్రింక్ అంగడి ఉంది. పిల్లల్ని ఎక్కించి తిప్పడానికి సాధువైన గుర్రం కోసం చాలాకాలంగా చూస్తున్నాడట. "ఇంత గలాటాలో నిద్రపోయే గుర్రాన్ని నేను సూళ్ల్యా ఏసయ్యా. ఇస్తావా?"

అజయ్ అడ్డం పడ్డాడు. "అది కరుస్తాదన్నా."

లక్ష్మీనారాయణ డిసెంబరు మూతి దగ్గర చెయ్యి పెట్టాడు. అది నాకింది.

"కోయిలకుంట్లలో పెండ్లికొడుకును ఎగరేసింది."

"అప్పుడు పుండ్లుండె," అన్నాడు ఏసయ్య. "ఇప్పుడు మావోడు మంచి పట్టీ సేసినాడు. సిన్నపిల్లోడైనా ఎక్కొచ్చు."

మూడు వారాలుగా ఆ మాట నాయన నోట వినాలనే అజయ్ తిప్పలు పడ్డాడు. విన్నాడు.

నాయనను పక్కకు తీసుకెళ్లాడు. "కిందేస్తేనే గదా అమ్మేది? ఏయల్యా గదా?"

"ఏయల్యా. అందుకే మంచోడు అడుగుతాండాడు." ఏసయ్య ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకున్నాడు. "నా మోకాళ్లు అయిపోయినాయిరా. ఈ ఒక్క ఊరేగింపుకే ఎట్ల నడిచినానో ఆ దేవునికి తెల్సు. నువ్వు కంపెనీ ఇడ్చిపెట్టి కళ్లెం పట్టుకుంటావా? నేను పట్టుకోనీను. ఆడైతే పగటిపూట పని, నీడుంటాది, పిల్లోళ్ల బరువు. బట్టీకి పోవాల్సింది ఆడికి పోతాంది. ఇంకేం గావాల?"

గుర్రం పోకుండా చూసుకోవడానికి అతను చేసిన పట్టీ, గుర్రం పోవడానికి దారి చేసింది. కానీ ఏ దారి అన్నది మార్చింది కూడా అదే. సంతోషించాలో ఏడవాలో తెలియక, ఇంజినీరు కాబట్టి, వాడే విధానం వివరించడం మొదలుపెట్టాడు. ఎన్నో రంధ్రానికి బిగించాలో, రెండు పక్కలా సమానంగా ఎలా లాగాలో, చెమట పట్టాక ఎలా ఆరబెట్టాలో. లక్ష్మీనారాయణ ప్రతిదానికీ "సరేప్పా, సరే" అన్నాడు. సరేలు మరీ తొందరగా వచ్చాయి.

అందుకే ఈ మాట మీతో. ఎప్పుడైనా బెలుం గుహలు చూడటానికి పోతే, దారి పక్కన గొడుగు నీడలో ఒక తెల్ల గుర్రం కనబడుతుంది. అక్కడ దానికి వేరే పేరు పెట్టారట. మీ పిల్లల్ని ఎక్కించే ముందు దాని మోచేతి వెనక, పట్టీ కిందికి వేళ్లు పోనిచ్చి చూడండి. హాయిగా పోతే మంచిదే. పోకపోతే ఒక రంధ్రం వదులు చేయమని లక్ష్మీనారాయణకు చెప్పండి, "సరేప్పా" అన్నా సరే, చేసేదాకా అక్కడే నిలబడండి. తర్వాత దాన్ని డిసెంబరు అని పిలవండి. చెవి ఇటు తిప్పుతుంది. నంద్యాలలో దాన్ని తలుచుకునేవాళ్లు ముగ్గురే ఉన్నారు. మీరూ దాన్ని గుర్తుంచుకోండి.