సాక పోసిన బండి

వీరాంజనేయులు మందు మానేసి ఏడాది దాటింది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, నమ్మినవాళ్ళే తక్కువ. ఊరు నమ్మకపోతే అతనికి వచ్చిన నష్టమేమీ లేదు గానీ, పెళ్ళాం నాగవేణి నమ్మకపోతే మాత్రం కొంప మునుగుతుంది. అప్పట్లో క్వారీ రాళ్ళ లారీని మందు మత్తులో కాలవలోకి దింపి, ఒంటి మీద గీతైనా పడకుండా బయటికొచ్చి, గట్టు మీద కూర్చుని పాటందుకున్న ఘనుడు అతను. ఆ పాట నాగవేణి చెవిన కూడా పడింది. మర్నాడే బట్టలు సర్దుకుని ముప్పాళ్ళలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇక చుక్క ముట్టనని అతను కాళ్ళావేళ్ళా పడితే తిరిగొచ్చింది. ఇంకోసారి తాగితే మళ్ళీ పిలవడానికి కూడా రావద్దని ముందే చెప్పింది.

అద్దెకు తిప్పడానికి కారు కొనే రోజు వచ్చింది. నరసరావుపేట షోరూములో ఐజాజ్ అనే సేల్స్‌మన్ ఒక బండి చూపించాడు. స్టీరింగు పక్కన చిన్న చిన్న బెజ్జాలున్నాయి. డ్రైవరు ఊపిరిలో మందు వాసన తగిలితే ఇంజన్ స్టార్ట్ కాదు, పైగా బండే గొంతెత్తి చెబుతుంది. రేపోమాపో కొత్త బండ్లన్నిటికీ ఇది తప్పనిసరి చేస్తారేమోనని కూడా అన్నాడు. నాగవేణి అంతదాకా ఆగదల్చుకోలేదు.

"వాళ్ళు ఎప్పుడు చేస్తారో నాకెందుకు? మా ఇంట్లో ఈ రోజు నుంచే రూలు," అంది.

వీరాంజనేయులు కూడా మురిసిపోయాడు. రోజూ పొద్దున్నే తన తరఫున సాక్ష్యం చెప్పే బండి దొరికితే ఎవరికి చేదు? ఇంటికొచ్చేదాకా ఈల వేస్తూనే ఉన్నాడు.

ఆదివారం అంకమ్మ తల్లి గుడి దగ్గర బండి పూజ. అమ్మవారి ముందు మందు ధారగా పోసి మొక్కుకోవడాన్ని ఆ ఊళ్ళో సాక అంటారు. కొత్త బండికి సాక లేకుండా పూజ జరగడం ఎవరూ ఎరగరు. అయినా వీరాంజనేయులు తల్లి సీతారావమ్మకు గట్టిగా చెప్పాడు, మన పూజలో సీసా కనబడగూడదని. ఆవిడ సరేనంది. అంత తేలిగ్గా సరే అనే మనిషి కాదు గానీ, సంబరంలో ఉన్నాడు కదా, అతను ఆ సంగతి పట్టించుకోలేదు.

అతను కొబ్బరికాయలు కొనుక్కొచ్చేసరికి బండి బంతిపూలతో వెలిగిపోతోంది. లోపల సాంబ్రాణి పొగ కమ్ముకుని ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. జనం చుట్టూ మూగారు. నాగవేణి కొత్త చీర కట్టుకుని ముందు సీటు ఎక్కడానికి సిద్ధంగా నిలబడింది. అతను దర్జాగా కూర్చుని బటన్ నొక్కాడు.

"డ్రైవరు గారు మద్యం సేవించి ఉన్నారు. దయచేసి వాహనాన్ని మరొకరికి అప్పగించండి," అంది బండి, ఎంతో మర్యాదగా, ఊరంతా వినేలా.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. వీరాంజనేయులు మళ్ళీ నొక్కాడు, బండి మళ్ళీ అదే మాట అంది. నాగవేణి ముఖం మాడిపోయింది. చెప్పులేసుకుని ఆటోలు ఆగే వైపు నడిచింది. ముప్పాళ్ళ వెళ్ళాలంటే అటే పోవాలి.

సీతారావమ్మకు ఒళ్ళు మండింది. కొడుకుని రెక్క పట్టి దింపేసి, తానే ఆ సీట్లో కూర్చుని, నా కొడుకుని అంత మాటంటావా అని బండిని కడిగిపారేస్తూ చేతికందిన బటన్ నొక్కింది. డ్రైవరు గారు మద్యం సేవించి ఉన్నారని బండి ఆవిడకీ విన్నవించింది. జనం కడుపు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత ప్రతివాళ్ళకీ కూర్చోవాలనే సరదా పుట్టింది. చర్చిలో పాటలు పాడే ఆరోగ్యమ్మ పాలక్యాను పక్కన పెట్టి మరీ ఎక్కి, తాగుబోతనిపించుకుని, పమిట నోట్లో కుక్కుకుని నవ్వుతూ దిగింది. మాజీ సర్పంచి ప్రభాకరరావు మాత్రం మోకాలి నొప్పి అని ఎక్కలేదు. ఆ నొప్పి ఏ సీసాలోంచి వచ్చిందో అందరికీ తెలుసు.

ఆ గోల విని నాగవేణి ఆగింది, వెనక్కి వచ్చింది. ఆమెను చూడగానే సీతారావమ్మ తమ్ముడు పోలయ్య తలగోక్కుంటూ అసలు సంగతి బయటపెట్టాడు.

"మా అక్కే సాక పొయ్యమందమ్మా. అమ్మవారికి కాస్త పోసి, మిగిలింది స్టీరింగు మీదా సీటు మీదా పోశా. బండికి చలవని."

ఎవరి నవ్వు వాళ్ళకి ఆగలేదు. వీరాంజనేయులుకి మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. అది కూడా ఎంతోసేపు నిలవలేదు. ప్రభాకరరావు గొంతు సవరించుకుని, లాయరులాగా ఒక మాట అన్నాడు. బండి అందరినీ తాగారంటోంది కాబట్టి వీడు తాగలేదని రుజువు అయినట్టు కాదు గదా అని. జనం ఒక్కసారిగా చల్లబడ్డారు. నిజమే. పైసలు పోసి కొన్న సాక్షి ఇప్పుడు ఎందుకూ పనికిరాకుండా పోయింది.

నాగవేణి మొగుడి దగ్గరికి వచ్చింది.

"నోరు తెరువు," అంది.

అతను తెరిచాడు. ఆమె గడ్డం పట్టుకుని మొహం దగ్గరికి లాక్కుని, అంతమందిలో, తీరిగ్గా వాసన చూసింది. పెళ్ళయిన నాటి నుంచి తలుపు తీయగానే అలా చూడటం ఆమెకు అలవాటే. అప్పుడల్లా అతను మొహం తిప్పేసుకునేవాడు. ఇప్పుడు మాత్రం కళ్ళార్పకుండా నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తాగలా," అంది నాగవేణి, ప్రభాకరరావు వైపు తిరిగి. "ఉల్లిపాయ పచ్చడి తిన్నాడు. అంతే."

వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. స్టీరింగు కడిగారు, సీటు తుడిచారు, తలుపులన్నీ తెరిచి విసనకర్రలతో విసిరారు. వాసన వదల్లేదు. బండి కూడా మాట మార్చలేదు. చివరికి వీరాంజనేయులు స్టీరింగు ముందు కూర్చుని న్యూట్రల్‌లో పెడితే, ఊరంతా కలిసి ఇంటిదాకా తోశారు. పోలయ్య డప్పు అందుకున్నాడు. పిల్లలు బంతిపూలు పీకి జల్లారు. సీతారావమ్మ తోస్తున్నవాళ్ళకి బెల్లం ముక్కలు పంచింది.

దారి పొడుగునా బండి వీరాంజనేయుల్ని తాగాడని అంటూనే ఉంది. పక్కన కూర్చున్న నాగవేణి, నవ్వు ఆపుకోలేక, కళ్ళు తుడుచుకుంటూ, తాగలేదని దానికి చెబుతూనే ఉంది.