సీటుకు రాసిన ఆముదం

కింది ఫ్లాట్ పెద్దావిడ కంచన్‌బా ఏడాది పొడుగునా రోజు విడిచి రోజు ఉపవాసం చేసింది. జైనుల వ్రతం అది. అక్షయ తృతీయనాడు చెరుకురసం తాగి విరమించాలి. ఆ పొద్దున జైన సాధువులుండే ఉపాశ్రయానికి మా కొత్త కారులోనే వస్తానంది. కొత్తంటే మాకు కొత్త. అప్పటికే ఇద్దరు వాడి వదిలేసిన బండి.

ఉధనాకి కాపురానికొచ్చినప్పుడు నాకు గుజరాతీ ముక్క రాదు. టైఫాయిడ్‌తో పడి ఉంటే ఇరవై రోజులు కిచిడీ వండి పెట్టింది కంచన్‌బా. ఆమె అడిగితే కాదనే నోరు నాకు లేదు.

ముందురోజు సాయంత్రం మెట్ల దగ్గర ఆపి, కూతుర్ని పిలిచినట్టు "దీకరీ, సీట్లు తోలువి కావు కదా? తోలు మీద నేను కూర్చోను" అంది.

కావు అనబోయి ఆగాను. మావారు నరహరి, రైల్వేలో గుమస్తా, కొన్న రోజు నుంచీ "అసలు లెదర్" అని బిల్డింగంతా టాంటాం వేశారు. కనుక్కుని చెప్తానన్నాను.

కిందికి దిగి చూద్దును కదా, ఈయన వెనక సీటుకు ఆముదం రుద్దుతున్నారు.

"గిదేంది, ఏం జేస్తున్రు?"

"మా తాత కిర్రుచెప్పులకు ఆముదమే రాసెటోడు. పదేండ్లయినా పగల్లే. బా కూసుంటది గద, జర మెరవాలె."

చెప్పుకు రాసేది సీటుకు రాయాలని మా ఇంటాయనకే తడుతుంది. అయినా నాకో ఆశ పుట్టింది. తోలయితే నూనె పీల్చుకోవాలి, రెక్సిన్ అయితే పైనే నిలవాలి. గంట ఆగి చూశాం. కుట్ల వెంబడి నల్లగా ఇంకిపోయింది. నడుమ జిడ్డుగా తేలే ఉంది. ఇదేం చోద్యం!

రింగ్ రోడ్ దగ్గర సీటు కవర్లు కుట్టే ఓంకార్‌కి ఫోటోలు పంపి ఫోన్ చేశాను.

"కుట్ల సందుల్లకు ఏ నూనైనా దిగుతది వదినా. తోలు మీద గూడ పూత ఉంటది, అందుకే పైన నిలవొచ్చు. ముందుగాల పొడిబట్టతోని తుడువుండ్రి. తోలుకు దాని క్రీమే రాయాలె, ఆముదం గాదు. విప్పి లోపలివైపు జూస్తేనే ఏందన్నది చెప్తా."

విప్పడానికి రెండు రోజులట. అడిగినకొద్దీ నా బుర్ర గానుగెద్దులా ఉన్నచోటే తిరిగింది.

"రెక్సిన్ అని చెప్పు. ఎవరికెరుక?" అన్నారు ఈయన.

"నిన్నటిదాంక అసలు లెదర్ అన్నదెవరు?"

ఆముదం తాగిన మొహం పెట్టారు.

తోలంటే ఆమె ముచ్చట పోతుంది. కాదని చెప్పాక అది తోలే అయితే, ఏడాది ఆకలి నా నోటిమాటతో బూడిదపాలవుతుంది. నిజంగా భయమేసింది.

పొద్దున్నే తలుపు తట్టి ఆముదంతో సహా అంతా చెప్పేశాను. "తోలో కాదో నాకు తెలీదు బా."

ఆమె రిక్షా పిలవమంది. కోపమొచ్చిందో, నొచ్చుకుందో ఆ మొహం చూస్తే అంతుపట్టలేదు. రిక్షాలో ఆమె పక్కన నేను, వెనకాల ఖాళీ కారులో ఈయన. ఎందుకొస్తున్నారో ఆయనకూ తెలీదు.

ఉపాశ్రయంలో బంధువులు ఒక్కొక్కరే చిన్న గిన్నెతో రసం పోస్తున్నారు. నేను గోడవారగా నిలబడ్డాను. కంచన్‌బా తల తిప్పి వెతికి, నన్ను రమ్మంది. గిన్నె నా చేతికిప్పించింది.

సీటు జిడ్డు తుడిచిన చెయ్యి. మూడుసార్లు సబ్బు పెట్టినా ఆముదం వాసన వదల్లేదు. "బా, ఈ చేత్తో ఏం తుడిచానో..." అన్నాను.

"తెలీదన్నావుగా" అంది. "మావాళ్ళయితే రెక్సినే అని చెప్పి ఎక్కించేసేవాళ్ళు. పొయ్యి, దీకరీ."

దోసిలి పట్టింది. నాకు ఏడుపొచ్చింది. గిన్నె వంచబోతే సగం రసం నా చీర మీదే పడింది. మిగతా సగం ఆమె తాగింది.