పక్కన కూర్చున్న గంటలు

"చూశావా మనోన్! మీ ఆఫీసే చెబుతోంది. మీ ఆడవాళ్ళకి రోజుకి ఇరవై నిమిషాలు ఎక్కువ తీరిక దొరుకుతోందట!"

మా ఆయన సిల్వాన్ ఫోన్‌లో వార్త చదువుతూ నవ్వాడు. నేను అతని టోస్టుకి వెన్న రాసి, అదే చేత్తో మా అమ్మాయి మంచు బూటులోంచి తడి సాక్సు పీకుతున్నాను. "ఆ ఇరవై నిమిషాలు ఎక్కడున్నాయో కాస్త వెతికిపెట్టు" అన్నాను. సిల్వాన్ చెడ్డవాడేం కాదు. చెత్తడబ్బా బయట పెడతాడు, వాకిట్లో మంచు తోస్తాడు. ఆ రెండూ వారమంతా చెప్పుకుంటాడు.

మేముండే గటినో నుంచి కెనడా రాజధాని ఒట్టావాకి వంతెన దాటే బస్సులో కూడా ఆ ఇరవై నిమిషాలు నన్ను వదల్లేదు. ఆ అంకె ఉన్న పట్టిక తయారుచేసింది నేనే మరి. కొన్ని వేలమంది ఒక రోజంతా పది నిమిషాలకొకసారి ఏంచేశారో డైరీలో రాసి మా గణాంకాల కార్యాలయానికి పంపుతారు. ఒక్కో పనికి ఒక్కో సంఖ్య వేసి, వాటిని జీతం పని, ఇంటి పని, సంరక్షణ, తీరిక అని కుప్పలుగా సర్దుతాం. అయిదేళ్ళలో తీరిక పెరిగిందంటే నా ఒళ్ళు నమ్మలేదు. ఆఫీసు చేరగానే కోటు కూడా విప్పకుండా పనుల జాబితా తెరిచాను.

పదకొండింటికి దొరికింది. 'రోగి పక్కన కూర్చోవడం' అన్న పనిని 'ఊరికే కూర్చోవడం'తో కలిపి తీరికలో పడేశారు. పడేశారేమిటి, నేనే పడేశాను! తేదీ చూస్తే కిందటి ఫిబ్రవరి. ఆ వారమంతా మా అత్తగారి ఆసుపత్రి మంచం పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేశాను. ఆవిడ దగ్గితే లేచి వీపు నిమిరి, నీళ్ళు పట్టి, మళ్ళీ కూర్చునేదాన్ని. సిల్వాన్ సాయంత్రం వచ్చి పది నిమిషాలు నిలబడి, "ఎలాగూ కూర్చునే ఉంటావుగా, నీ పని నువ్వు చేసుకోవచ్చు" అని వెళ్ళిపోయేవాడు. ఆవిడ పోయాక చుట్టాలందరి ముందూ "అమ్మని మేం ఒక్కరోజు కూడా ఒంటరిగా వదల్లేదు" అన్నాడు. మేం అట! అప్పుడు వంటింట్లో కాఫీ కప్పులు కడుగుతున్నాను. ఒకటి నేలకేసి కొట్టాలనిపించింది, తుడిచి బోర్లించాను. 'ఎలాగూ కూర్చునే ఉంటావుగా' లాంటి మాటలు వినీ వినీ నాలో ఎంత ఇంకిపోయాయంటే, చివరికి నా చేతులతోనే వాటిని జాబితాకి ఎక్కించాను. ముందు సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

సరిచేసి చూస్తే ఆడవాళ్ళ తీరిక పెరగలేదు సరికదా, రెండు నిమిషాలు తగ్గింది.

మా విభాగం పెద్ద వారెన్‌కి చూపించాను. ఆయన తలుపు మూసి వచ్చాడు. "నవంబరులో ఎలాగూ ఏటా చేసే సవరణలు ఉంటాయి కదా. ఇది కూడా అందులో కలిపేద్దాం. 'అంకెలు సవరించాం' అని ఒక్క ముక్క రాస్తే సరి. ఎవడు చూస్తాడు?"

"కొత్త సమాచారం వచ్చి అంకె మారితే అది సవరణ. ఇది తప్పు, వారెన్. తప్పయితే పట్టిక నెత్తిన ఎర్ర అక్షరాల్లో చెప్పాలి. పాత అంకె చెరిపెయ్యకూడదు, పక్కనే ఉంచాలి. ఎందుకు తప్పయిందో రాయాలి. నాకు నేర్పింది మీరే."

"నేర్పానమ్మా, కాదనను. కానీ మార్చిలో నీ ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది. ఈ తప్పు ఎవరిదని వాళ్ళు అడగరా? పదహారేళ్ళు ఎదురుచూశావు, చేజేతులా పాడుచేసుకోకు."

నా మేలు కోరే అన్నాడు, అందుకే ఆ మాట మరింత బరువనిపించింది. మధ్యాహ్నం సిల్వాన్‌కి ఫోన్ చేస్తే, "వారెన్ చెప్పినట్టు చెయ్యి. ఊరుకోవడం నీకేమన్నా కొత్తా?" అన్నాడు.

కొత్త కాదు. మా ఇంట్లో తప్పు ఎవరిదైనా చప్పుడు కాకుండా సరిచేసేది నేనే. అతను మరిచిపోయిన పుట్టినరోజుకి అతని పేరు మీద కానుక నేనే కొంటాను. అతను విసుక్కుంటే పిల్లకి "నాన్న అలసిపోయాడు" అని చెప్పేదీ నేనే. అలా కలిపేసిన తప్పులకి ఎక్కడా గుర్తుండదు, అందుకే అవే మళ్ళీ మళ్ళీ జరుగుతుంటాయి. ఇక్కడా నవంబరు దాకా ఊరుకుంటే, ఈలోగా ఎవడో ఒక అధికారి మా పట్టికే చూపించి, రోగుల ఇళ్ళకొచ్చే నర్సుల గంటలు కోసేస్తాడు. ఆడవాళ్ళకి తీరిక పెరిగింది కదా అంటాడు.

తప్పు దిద్దే నోటీసు రాయడానికి కూర్చున్నాను. ఇలాంటప్పుడు 'వర్గీకరణలో లోపం' అని రాసి వదిలెయ్యడం మా వాళ్ళకి అలవాటు. అదే రాసి, కొట్టేశాను. 'రోగుల పక్కన కూర్చుని చూసుకున్న సమయాన్ని మేం తీరికగా లెక్కించాం. అది తప్పు. ఆ సమయమంతా పనే.' ఇంగ్లీషు, ఫ్రెంచి రెండు భాషల్లోనూ అలాగే రాశాను. వారెన్ చదివి, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"నోటీసు కింద సంప్రదించాల్సినవాళ్ళ పేరు నాది పెట్టు. నేను ఎలాగూ రిటైరవుతున్నాను" అన్నాడు.

"తప్పు నాది. పేరు కూడా నాదే ఉండనివ్వండి."

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి నోటీసు వెలువడింది. పదింటికి ఫోన్ మోగింది. నోటీసు చూసి, మూస్ జా అనే ఊరినుంచి డోరీన్ అనే పెద్దావిడ.

"ఆ డైరీ నేనూ రాశానమ్మా. మా ఆయనకి పక్షవాతం. మధ్యాహ్నమంతా 'ఆయన పక్కన కూర్చున్నాను' అని రాశాను. పేపర్లో ఆడవాళ్ళకి తీరిక పెరిగిందని వస్తే, నేనే సరిగ్గా రాయలేదేమో అనుకున్నాను. కూర్చున్నానని రాస్తే కూర్చున్నట్టేగా అని మా పెద్దాడు కూడా నవ్వాడు. వచ్చేసారి ఏమని రాయమంటావు?"

"మళ్ళీ అలాగే రాయండి. మీరు సరిగ్గానే రాశారు. మీరు చేసింది పనే. తప్పుగా లెక్కేసింది నేను."

అవతల ఫోన్ బల్లమీద పెట్టిన చప్పుడయింది. పెట్టేసిందేమో అనుకున్నాను.

"అమ్మా, ఆ మాటే ఇంకోసారి చెప్తావా?" అంది డోరీన్. "స్పీకర్ పెడతాను. మా పెద్దాడు ఇక్కడే ఉన్నాడు."