ఆర్విల్ వాళ్ళ కంపెనీ

చర్చి కింది నేలమాళిగలో ఆర్విల్ మడతబల్ల కాళ్ళు విప్పి, ఎర్రగుడ్డ పరిచి, సీసామూతలు తిప్పే రబ్బరు బిళ్ళలు పేర్చాడు. ప్రతి బిళ్ళ మీదా పెద్దల సంఘం పేరు, దాని కిందే ఆరోగ్యబీమా కంపెనీ పేరు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో చర్చి చర్చికీ తిరిగి, భోజనాలకొచ్చే ముసలివాళ్ళకు ఆ బిళ్ళలూ, బీమా కాగితాలూ పంచడమే సంఘంలో అతని ఉద్యోగం. అరవై ఏడేళ్ళకు మోకాళ్ళు అరిగాయి గాని నవ్వు అరగలేదు.

ఆ నవ్వు చూసే, ఈ చర్చి భోజనాలకొచ్చే హెస్టర్ ముసలమ్మ నిరుడు ఆ కంపెనీ బీమాకు మారింది.

"ఇది మంచిదేనంటావా అబ్బాయ్?"

"మన సంఘం పేరుంది కదమ్మా."

చేరిన ప్రతి మనిషికీ కంపెనీ నుంచి సంఘానికి వాటా ముడుతుందని అతనికి తెలుసు. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఈ వేసవిలో ఆమె తుంటి విరిగింది. మళ్ళీ నడక నేర్పేచోట చేరిన పన్నెండో రోజునే, ఇక డబ్బు కట్టం, ఇంటికి పొమ్మంది కంపెనీ. పోయిన నెల చక్రాల కుర్చీలో ఇక్కడికే వచ్చి, కంపెనీకి రాసుకున్న అర్జీ కవరు ఆర్విల్ చేతిలో పెట్టింది. సంఘమూ కంపెనీ రెండూ ఒకటే అనుకుంది పిచ్చితల్లి. పెద్దల తరఫున పోట్లాడటానికే కదా సంఘం ఉన్నదని, అతను దాన్ని తమ పెద్దాఫీసుకు పంపాడు. నిన్న అది తిరిగొచ్చింది. ఫోన్ చేస్తే అక్కడి అధికారి విసుక్కున్నాడు.

"నీ జీతం ఎవరి డబ్బనుకున్నావ్? వాళ్ళ మీద మనం పేచీ పెడతామా?"

అర్జీ పెట్టుకోవడానికి గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఆమెకు క్షమాపణ చెప్పి, ఈరోజే తన చేత్తో కంపెనీకి పంపుదామని ఆ కవరు జేబులో పెట్టుకొచ్చాడు.

బంగాళదుంప ముద్ద మీద కోడి నూడుల్స్ వడ్డిస్తున్నారు. హెస్టర్ పక్కింటి నేడీన్ ఒక్కతే వచ్చింది.

"గురువారం పోయింది ఆర్విల్. స్నానాలగదిలో మళ్ళీ పడింది. ఆఖరిదాకా ఒకటే మాట, ఆర్విల్ చూసుకుంటున్నాడులే అని."

అతనికి ఏడుపు రాలేదు. సిగ్గు వేసింది, ఒళ్ళంతా. బల్ల దగ్గర ఒక ముసలాయన కాగితం తిరగేస్తూ మంచిదేనా అని అడిగాడు.

"వాళ్ళు మాకు డబ్బులిస్తారండీ. మంచిదో కాదో నాకు తెలీదు."

బల్ల మడవలేదు. కవరు హెస్టర్ కూర్చునేచోట పెట్టి, గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నూడుల్స్ గిన్నె పక్కన ఆ కవరు అలాగే ఉంది. దాని మీద హెస్టర్ వంకర అక్షరాలతో చిరునామా: ఆర్విల్ వాళ్ళ కంపెనీకి.