బొజ్జ ఎక్కడ?

టిఫిన్ డబ్బాకి మూత పెడుతుంటే గదిలోంచి ఆయన కేక. "నా సాక్సులెక్కడ?"

అల్మారా కింది అరలో అని చెప్పబోయింది టీచరమ్మ. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నర్సరీ పిల్లలకి శరీర భాగాలు నేర్పే ఆటపాటలు పాడీ పాడీ, నాలుగు రోజులుగా బొంగురుపోతున్న గొంతు ఇవాళ్టికి పూర్తిగా మూగబోయింది. పాదం చూపించింది. అల్మారా వైపు చెయ్యి చాపి, వంగి కింది అర చూపించింది.

"కాళ్ళ నొప్పా? సాయంత్రం మాత్ర వేసుకో. ముందు సాక్సులు చెప్పు" అన్నాడాయన.

మూడేళ్ళ పిల్లలకి ఇట్టే అర్థమయ్యేది ఈ మనిషికెందుకు ఎక్కదో! పైగా ఈయనే కదా, "పిల్లలతో గెంతడానిక్కూడా జీతమిస్తారా?" అని చుట్టాల ముందు నవ్వేది. ఆ సాయంత్రం, డాక్టరు వారం రోజులు మాట్లాడొద్దన్నాడని కాగితం మీద రాసి చూపిస్తే, "మంచిదే, ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు. అత్తగారు ఫోన్లో ఎవరితోనో, "మా కోడలు ఈమధ్య బాగా మారిందమ్మా, ఎదురు మాటే లేదు" అని మురిసిపోయింది.

బళ్ళో మాత్రం హెడ్ మేడం మురవలేదు. "గొంతులేని టీచర్ని పెట్టుకుని నేనేం చేసుకోను? రేపు తల్లిదండ్రులొస్తున్నారు. పాట సాగకపోతే వేరే అమ్మాయిని చూసుకుంటా."

మర్నాడు తల్లిదండ్రుల ముందు టీచరమ్మ ముక్కు మీద వేలు పెట్టి నిలబడింది. వెంటనే క్లాసంతా కప్పు ఎగిరిపోయేలా అందుకుంది.

"ముక్కు ఎక్కడ? మధ్యలో ఉంది! చెవులు ఎక్కడ? చెరో పక్క!"

టీచరమ్మ పొట్ట మీద చెయ్యేసుకుంది. "బొజ్జ ఎక్కడ?" అంటూ రెండు పిలకల పిల్ల పరుగెత్తుకెళ్ళి హెడ్ మేడం పొట్ట పట్టుకుని, "ఇక్కడుంది!" అని అరిచింది. తల్లిదండ్రులు పడీ పడీ నవ్వారు. హెడ్ మేడమూ నవ్వక తప్పలేదు. ఉద్యోగం నిలబడింది.

ఇంట్లోనూ వింతలు మొదలయ్యాయి. పిలిస్తే పలికేవాళ్ళు లేకపోయేసరికి ఆయనకి సాక్సులు దొరికాయి, తువ్వాలు దొరికింది, చివరికి వంటిల్లు కూడా దొరికింది. టీ తనే పెట్టుకున్నాడు. ఇంకో కప్పు ఆమె చేతికిచ్చాడు. తీపి ఎక్కువైంది గానీ, వేడిగా ఉంది. కూర్చుని తాగింది.

వారం గడిచాక డాక్టరు గొంతు చూసి, "ఇంక హాయిగా మాట్లాడొచ్చు" అన్నాడు.

"ఏమన్నాడు?" గుమ్మంలోనే ఆయన ఆత్రంగా అడిగాడు. టీచరమ్మ గొంతు మీద చెయ్యేసుకుని, దిగాలుగా తల అడ్డంగా ఊపింది.

"సరేలే, నువ్వు కూర్చో" అంటూ ఆయన వంటింట్లోకి నడిచాడు.

మేడ మీద బట్టలు ఆరేస్తూ, ఎవరూ లేరు కదాని కూనిరాగం తీసింది. గొంతు ఖణీమంది. వెనక్కి తిరిగితే మెట్ల దగ్గర అత్తగారు! తడిచీర చేతిలోంచి జారిపోయింది టీచరమ్మకి.

అత్తగారు వంగి చీర తీసి దులిపింది. కిందికొకసారి తొంగి చూసింది. వంటింట్లో కొడుకు గిన్నెలు తోముతున్న చప్పుడు. చాలాసేపు విన్నదావిడ.

"ఇన్నేళ్ళ కాపురంలో నాకీ ఉపాయం తట్టలేదు చూడు" అని గొంతు తగ్గించింది. "మామగారికి చెప్పకు. రేపట్నించి నాకూ గొంతు పోతోంది."