బుగులు అన్న మాట

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ముందు ఆ సంగతి తేలాలి. తక్కినదంతా ఆ తరవాత.

జరిగింది శోభారాణికి. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే బాలమల్లు కూతురు. పదిహేడేళ్ళ కిందట ఆమె మిషన్ బడిలో తొమ్మిదో తరగతి చదువుతుండేది. ఆ ఏడు వానాకాలంలో ఒక తెల్లవారుజామున బాలమల్లు తెప్ప తిరగబడింది. తోటివాళ్ళు ఒడ్డుకు లాగి, నీళ్ళు కక్కించి బతికించారు. వారం తిరక్కుండా ఆయన మళ్ళీ చెరువులో దిగాడు. దిగకపోతే పొయ్యి వెలగదు. కూతురు మాత్రం ఆ నీళ్ళలోంచి బయటికి రాలేకపోయింది. పొద్దుటి ప్రార్థనలో కళ్ళు మూసుకొమ్మంటే చాలు, రెప్పల వెనక చెరువే. ఊపిరి అందేది కాదు, చేతులు తిమ్మిరెక్కేవి. ఒకనాడు వరసలోనే కూలబడింది.

"ఏమైంది?" అని అడిగింది తెలుగు టీచర్ హన్నా.

"బుగులైతాంది టీచర్."

"బుగులేమిటి, బుగులు? ఆ మోటు భాష బడిలో వద్దని ఎన్నిసార్లు చెప్పాను? భయం అను. దేనికి భయం?"

దేనికో చెప్పడం ఆ పిల్లకు చేతకాలేదు. "నఖరాలు!" అని తేల్చేసింది హన్నా. పిల్ల మాటను మోటుదన్న ఆ నోటికి, తాను వాడిన మాట ఏ బజారులోంచి వచ్చిందో తట్టలేదు. రెక్క పట్టి లేపి, నాలుగు వందల మంది ఎదుట, ప్రార్థన ముగిసేదాకా మెట్ల మీద నిలబెట్టింది. ఆ రోజు నుంచి శోభారాణి పోయి నఖరాల రాణి అయింది. దసరా సెలవుల తరవాత ఆమె బడికి రాలేదు. పదో తరగతి పరీక్ష రాయనే లేదు.

ఇంతే జరిగింది. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. నిజం చెప్పిన పిల్లను అందరి ముందూ అబద్ధాలకోరును చేశారు, అంతే.

హన్నా ఆ సంగతి మరచిపోయిందనలేము. గుర్తు పెట్టుకోలేదు, అది వేరు. అల్వాల్ కాన్వెంటులో చదువుకున్న మనిషి. ముత్యాల్లాంటి అక్షరాలు, ఇస్త్రీ చెరగని నేత చీర, ఒక్క దోషం దొర్లని తెలుగు. వచ్చే ఏప్రిల్లో పదవీ విరమణ. అందుకే, విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద మేడ్చల్‌లో ఉపాధ్యాయులకు రెండు రోజుల శిక్షణ ఉందని కబురు వచ్చినప్పుడు, పోయే ముందు నేర్చుకునేదేముందని గొణుక్కుంటూనే వెళ్ళింది.

శిక్షణ ఇచ్చే అమ్మాయి పేరు అశ్రిత. కొంపల్లి నుంచి స్కూటీ మీద వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. తెర మీద మొదటి పాఠం పేరు పడింది: "పిల్లలలో ఆందోళనను గుర్తించడం."

వెనక బెంచీ నుంచి లెక్కల మాస్టారు శ్రీనివాసరావు చెయ్యెత్తాడు. "ఆందోళన మాకు నేర్పుడేంది మేడమ్? తెలంగాణ కోసం ఏండ్లకేండ్లు జేసినోళ్ళం. రోడ్ల మీద వంటలు జేసుకొని తిన్నోళ్ళం!"

హాలంతా ఘొల్లుమంది. హన్నా ముఖం చిట్లించింది. విచిత్రం, ఆ అమ్మాయి కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"నిజమే సార్. ఈ పాఠం ఎవరో ఇంగ్లీషులో రాశారు, ఇంకెవరో తెలుగు చేశారు. మధ్యలో మన పిల్లలు తప్పిపోయారు. మీరే చెప్పండి, కారణం కనపడకుండా గుండె దడదడలాడితే మీ పిల్లలు ఏమంటారు?"

హన్నా బడిలోనే ఆటల మాస్టారుగా ఉన్న మోషే లేచాడు. "బుగులు అంటరు మేడమ్. గుండెల బుగులు బుగులు అయితాందంటరు."

అశ్రిత బోర్డు మీద ఆ మాటను పెద్దగా రాసింది. "ఒక పిల్ల నోటి నుంచి ఈ మాట వచ్చిందంటే మన పని సగం తానే చేసిపెట్టినట్టు. తన బాధకు తానే పేరు పెట్టుకుంది. మనం చేయాల్సింది ముందు నమ్మడం. ఎందుకు అని అడగకండి, ఆ వయసులో వాళ్ళకు తెలియదు. ఎక్కడ అని అడగండి, ఒళ్ళు చెప్తుంది. పక్కన కూర్చోండి. తగ్గకపోతే నాకు ఫోన్ చేయండి, డాక్టరు దగ్గరికి నేను తీసుకుపోతాను."

హన్నా కలం ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఆమె మూడు పుటల లక్షణాలు పొందికగా రాసుకుంది: ఊపిరి అందకపోవడం, చేతుల తిమ్మిరి, కూలబడిపోవడం, కళ్ళు మూసుకోవడానికి జంకు. ఇప్పుడు వాటిని మొదటి నుంచి చదువుకుంది. మూడు పుటలూ ఒకే పిల్ల. ఈ మూడు పుటలనూ ఆ పిల్ల తనకు ఒక్క మాటలో చెప్పింది. తాను ఆ మాటకు వ్యాకరణం దిద్దింది.

మధ్యాహ్నం పొట్లంలో ఇచ్చిన పులిహోర ఆమె ముట్టలేదు.

రెండో రోజు ముగిసేటప్పుడు, బడికి రాకుండా ఆగిపోయిన పిల్లల్లో ఒక్కొక్కరిని ఒక్కొక్క టీచర్ పట్టించుకోవాలని చెప్పి జాబితాలు పంచారు. హన్నాకు వచ్చిన పేరు నవ్యశ్రీ. ఆరో తరగతి. పందొమ్మిది రోజులుగా రావడం లేదు. తండ్రి కుమార్, తల్లి శోభారాణి.

"ఈ శోభారాణి ఎవరు, మోషే?"

మోషే కాగితం చూసి తల గోక్కున్నాడు. "ఓ, గామెనా! కరీంనగర్ రోడ్డు మీద చేపలమ్ముతది మేడమ్. బాలమల్లు బిడ్డ. ఊరంత నఖరాలక్క అంటరు. అసలు పేరు నాకు గూడ ఇయ్యాలనే ఎర్కయింది."

ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో మోషేకు తెలియదు. హన్నా చేతి సంచీ భుజానికి సర్దుకుంది గాని, బస్సు వచ్చినా ఎక్కడం మరచిపోయింది.

శనివారం పొద్దున్నే శామీర్‌పేటలో దిగింది. రోడ్డు పక్కన నీలం తాటిపత్రి, దాని కింద రెండు టబ్బులు, కత్తిపీట ముందు ఒక మనిషి.

"ఏం గావాలమ్మా? రవ్వనా, బొచ్చెనా?" అంటూ తలెత్తిన శోభారాణి చేతిలో చేప అలాగే ఆగిపోయింది. "హన్నా టీచర్."

"నవ్యశ్రీ కోసం వచ్చానమ్మా."

"బడికి తోల." పంపనని ఒక్కటే మాట. చేప పొలుసు మళ్ళీ ఎగరసాగింది. "వాళ్ళ నాయినకు తూంకుంట కాడ లారీ దాకి కాలిరిగింది. అప్పటి సంది నేను కండ్లకు గనబడకపోతే దానికి దమ్ము ఆడదు. గీ సంగతి బడిల చెప్తే ఏమైతదో నాకు ఎర్కలేదా?"

హన్నా దారి పొడుగునా ఒక వాక్యం కూర్చుకుని వచ్చింది. "శోభా, నేను నీకు క్షమాపణ చెప్పడానికి..."

"జర ఆగుండ్రి టీచర్. గిరాకి ఉన్నది."

నిజంగానే ముగ్గురు నిలబడి ఉన్నారు. అందులో ఒకాయన, "నఖరాలక్కా, తలకాయ వేరే కవర్ల వెయ్యి," అన్నాడు, ఎంతో ఆప్యాయంగా. ఆమె మామూలుగానే అందుకుంది. పేరు అంతగా ఒంటికి అతుక్కుపోయింది.

తాటిపత్రి వెనక బోర్లించిన ట్రే మీద నవ్యశ్రీ కూర్చుని ఉంది. పదకొండేళ్ళ పిల్ల, చూపు తల్లి వీపు మీదినుంచి కదలడం లేదు. హన్నా పక్కనే ఇంకో ట్రే బోర్లించుకుని కూర్చుంది. 'ఎందుకు రావడం లేదు?' అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఎక్కడమ్మా?"

పిల్ల రొమ్ముకు కాస్త కింద చెయ్యి పెట్టుకుంది. "గీడ. గుంజుతది."

"ఇప్పుడూ ఉందా?"

"లేదు. మా అమ్మ గనబడ్తాంది గద."

"సరే."

లారీలు పోతున్నాయి. ఇద్దరూ శోభారాణి వీపునే చూస్తూ కూర్చున్నారు.

"టీచర్, నీ చీర చేపల నీళ్ళల్ల బడ్డది."

"పడనీలేమ్మా."

పిల్ల నవ్వాపుకుంటూ ఆ కొంగు తీసి హన్నా ఒళ్ళో పెట్టింది.

గిరాకీ పోయాక శోభారాణి చేతులు కడుక్కుని వచ్చింది. "ఇగ చెప్పుండ్రి."

"ఆ రోజు నువ్వు నిజం చెప్పావు. నేను నమ్మలేదు. తప్పు నాది."

శోభారాణి చెంగుతో చేతులు తుడుచుకుంది. "ఒక్కదానికి చెవుల చెప్తే నేనేం జేస్కోను టీచర్? నాలుగు నూర్ల మంది ముందటన్నరు. మా ఆయన గూడ తమాషకు గదే పేరుతోని పిలుస్తడు. యాడన్నరో ఆడ్నే ఎన్కకు తీస్కోండ్రి. ప్రార్థనల. నేనొచ్చి నా చెవులతోని ఇంట. అప్పుడు నా బిడ్డను తోలుత. లేకుంటె తోల."

"అప్పటి పిల్లలు ఎవరూ ఇప్పుడు లేరు కదమ్మా."

"గా మెట్లున్నయి గద? రేపు నా బిడ్డ నిలబడే జాగ గదే గద?"

హన్నా తిన్నగా బడికి వెళ్ళింది.

ప్రధానోపాధ్యాయుడు గిడియోన్ ఈ సంగతి విని కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏంది మేడమ్ ఇది! పిల్లల ముందట టీచర్ తప్పు ఒప్పుకుంటే రేపు ఎవడన్న మన మాట ఇంటడా? ఉత్తరం రాసియ్యిండ్రి, నేను గూడ సంతకం బెడ్త. ఏప్రిల్ల మీకు సన్మానం, శాలువ గూడ మాట్లాడినం. గిప్పుడు గిదేం పరేషాన్?"

"శాలువా ఆపించండి సార్."

"అరె, గట్లంటరేంది..."

"ఆ పిల్ల మర్యాదను నేను నాలుగు వందల మంది ఎదుట తీసుకున్నాను. కవరులో పెట్టి తిరిగిస్తే అది న్యాయం కాదు. నవ్యశ్రీ బడికి రావాలి సార్. తల్లి మానేసినట్టు కూతురు కూడా మానేస్తే, ఇద్దరి చదువూ నా ఖాతాలోదే."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. గిడియోన్ అది గుర్తు తెచ్చుకున్నాడు. "ఐదు నిమిషాలు మేడమ్. జల్దీ అయిపోవాలె."

సోమవారం ప్రార్థన గంట మోగింది. గేటు దగ్గర శోభారాణి నిలబడి ఉంది, ఉతికిన చీరలో, కూతురి చెయ్యి పట్టుకుని. హన్నా మెట్లెక్కింది. కాగితం తెచ్చుకుంది గాని విప్పలేదు.

"ఇవాళ ఎవరూ కళ్ళు మూసుకోవద్దు. నన్ను చూడండి," అంది. "పదిహేడేళ్ళ కిందట, మీరు నిలబడిన చోటే ఒక అమ్మాయి ఊపిరాడక కూలబడింది. ఏమైందని అడిగాను. బుగులవుతోంది అని చెప్పింది..."

"బుగులైతాంది, టీచర్."

మాట గేటు దగ్గరినుంచి వచ్చింది. పెద్ద గొంతు కాదు గాని అందరికీ వినపడింది. ముందు వరస పిల్లలు కిసుక్కుమన్నారు. గిడియోన్ అటూ ఇటూ చూశాడు. హన్నా గొంతు సవరించుకుంది. అరవై ఏళ్ళుగా ఆ నోరు అలా పలికి ఎరగదు.

"అవును. బుగులైతాంది." నిదానంగా, పాఠం అప్పజెప్పినట్టు పలికింది. "అలాగే చెప్పింది. ఆ మాటలో తప్పేమీ లేదు. విని నమ్మకపోవడం తప్పు. ఆ తప్పు నేను చేశాను. నఖరాలని నింద వేసి, ఈ మెట్ల మీదే నిలబెట్టాను. ఆమె నఖరాలు చేయలేదు. నిజం చెప్పింది. ఆ నిందను మీ అందరి ఎదుట వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె అక్కడుంది. పేరు శోభారాణి."

పిల్లలంతా వెనక్కి తిరిగి చూశారు. శోభారాణి చూపు దించలేదు.

"ఇకమీదట ఇక్కడ ఎవరికైనా బుగులైతే ఆ మాటే చెప్పండి. కూర్చోండి. కళ్ళు తెరుచుకుని ప్రార్థన చేసుకోండి, దేవుడికి అభ్యంతరం ఉండదు. పక్కనున్న టీచర్ మీతో పాటు కూర్చుంటారు."

"ఇనుండ్రి సార్లూ, మేడములూ," అన్నాడు మోషే, ఎవరికి చెప్పాలో వాళ్ళకు.

ఇక వరసలోకి పంపే వేళ అయింది. తల్లి చెయ్యి వదిలి నాలుగడుగులు వేసిన నవ్యశ్రీ అక్కడే ఆగి, రొమ్ము కింద చెయ్యి పెట్టుకుని, మట్టిలో చతికిలబడింది. శోభారాణి ఒక్క అడుగు ముందుకేసి, ఆగింది. చూద్దామన్నట్టు.

హన్నా మెట్లు దిగి వచ్చింది. మోకాళ్ళు సహకరించవు; ఒక చెయ్యి నేలకు ఆనించి, మెల్లగా, ఆ మట్టిలోనే పిల్ల పక్కన కూర్చుంది. ప్రార్థన ఆగింది, బడి ఆగింది. గిడియోన్ గడియారం చూసుకోబోయి చెయ్యి దించేసుకున్నాడు.

"అమ్మ కనపడుతోందా?"

"ఊ."

"ప్రార్థన అయ్యేదాకా అక్కడే ఉంటుంది. తరవాత చేపలకు పోతుంది. మధ్యాహ్నం అన్నం వేళకు ఒకసారి వస్తుంది. నేను మాట్లాడాను."

పిల్ల నాలుగైదు సార్లు ఊపిరి తీసుకుంది. హన్నా కూడా దాంతో పాటే తీసుకుంది. కాసేపటికి నవ్యశ్రీ లేచి, లేవలేక అవస్థ పడుతున్న టీచర్‌కు రెండు చేతులూ అందించింది. లేపి, తన వరసలోకి వెళ్ళి నిలబడింది.

ప్రార్థన ముగిశాక హన్నా గేటు దగ్గరికి నడిచింది. చీరంతా మట్టి.

"ఇంకా ఏమైనా మిగిలి ఉంటే చెప్పు శోభా. మొహమాటం వద్దు."

శోభారాణి మెట్ల వంక చూసింది, వరసలో నిలబడి తన వంకే చూస్తున్న కూతురిని చూసింది. చెంగు కొస పట్టుకుని, వంగి, హన్నా చీర మీది మట్టి దులిపింది.

"ఏం లేదు టీచర్," అంది. "మొత్తం ముట్టింది."