కొర్లమ్మ రొంటిన నేను

నేను ఒక రేకు డబ్బాను. కార్ఖానాలో నా నిండా దగ్గుబిళ్లలు పోశారు. కొనుక్కున్న గురువులమ్మ అవన్నీ చప్పరించేసి, నాలో చుట్టలు దాచుకుంది. దగ్గుమందు ఉన్నచోటే దగ్గును దాచుకోవడం మనుషులకే చేతనవును, తల్లీ.

గురువులమ్మది సముద్రపు ఒడ్డున చేపలమ్ముకునే కుటుంబం. ఆ పల్లె ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. నెత్తిన చేపల గంప, ఎదురుగా ఉప్పుగాలి. నిప్పు లోపలుంటే ఆరదు, బూడిద చేపల మీద రాలదు. తెలివైన ఏర్పాటే. నిప్పుతోపాటు పొగా లోపలికే పోతుందని మాత్రం ఎవరికీ తోచలేదు.

కోడలు కొర్లమ్మకు నెల తప్పింది. మజ్జిగ కూడా కడుపులో నిలిచేది కాదు.

“ఓ సుట్ట ఎలిగించవే, వాంతులు కట్టేత్తాయి,” అంటూ గురువులమ్మ నన్ను ఆమె చేతిలో పెట్టింది.

“కడుపుల పిల్లకేటీ అవదా అత్తా?”

“నువ్వు కడుపుల ఉన్నప్పుడు మీయమ్మ మానేసిందేటి? నీకేటైనాది, నోరు పెరగడం తప్ప!”

కొర్లమ్మ పకపకా నవ్వి నన్ను రొంటిన దోపుకుంది. చీరమడతకు ఇవతల నేను, అవతల కడుపులో వాడు. వాడి తన్నులు నా రేకుకు తగిలేవి. చుట్ట వెలిగిందా, ఆ తన్నులు ఠక్కున ఆగిపోయేవి.

“నా బాబు బుద్ధిమంతుడు. సుట్ట ముట్టిత్తే పడుకుంటాడు,” అని మురిసిపోయేది పిచ్చితల్లి. నాకు మాత్రం ఆ నిశ్శబ్దం ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

దాసు పిల్లిపిల్లంత పుట్టాడు. నాలుగేళ్లొచ్చినా కూర్చున్నచోట కూర్చోడు. అంగన్‌వాడీలో పళ్లేలు విసిరేవాడు, పక్కపిల్లల్ని కొరికేవాడు. కొర్లమ్మ వాడి వీపున చింతబరికెలు విరగ్గొట్టి, ఆనక తనే ఏడ్చేది. గాలి సోకిందన్నారు. భూతవైద్యుడొచ్చాడు, వేపమండలు ఊపాడు, అమ్మవారికని నాలోంచి చుట్ట అడిగి శుభ్రంగా తనే కాల్చాడు. ఆ వైద్యుడు కట్టిన తాడును దాసు వీధి చివరికి వెళ్లేలోపే తెంపేశాడు.

మళ్లీ కొర్లమ్మకు కడుపు. చూడవచ్చిన నర్సమ్మ ఆమె రొంటిన నన్ను చూసింది.

“దాసు కడుపులో ఉన్నప్పుడూ తాగావా?”

కొర్లమ్మ ముఖం పాలిపోయింది. “ఈడిలాగవడానికి అదేనా, మేడమ్?”

“అదొక్కటే అని చెప్పలేనమ్మా. పొగ తాగిన తల్లుల పిల్లల్లో ఈ కుదురులేనితనం, ఈ కోపం ఎక్కువగా కనిపిస్తాయి. ఇప్పుడు మానేస్తే ఈ బిడ్డకు మేలు. వాణ్ణి మాత్రం కొట్టకు. కావాలని చేయట్లేదు వాడు.”

ఆమె వెళ్లగానే కొర్లమ్మ నాలోని చుట్టలన్నీ అలల్లోకి విదిలించింది.

“మరి వేవిళ్లకేటి సేత్తావే?” గురువులమ్మ అరిచింది.

“సింతకాయ కొరుక్కుంతానత్తా. నీ సుట్ట నువ్వు బయట కాల్సుకో.”

కొర్లమ్మ నన్ను బూడిదేసి తోమింది, ఎండబెట్టింది, మళ్లీ తోమింది. నాలోని చుట్టవాసన పోలేదు. చివరికి పాత పడవ పక్కన ఇసుకలో పాతేసింది.

దాసు నన్ను తవ్వి తీశాడు. మూత తెరిచి ముక్కు లోపల పెట్టాడు. ఊరంతా అరిచినా ఆగని కాళ్లు ఆగిపోయాయి. చేతులు వేలాడిపోయాయి. దూరం నుంచి చూసిన కొర్లమ్మ పొట్ట పట్టుకుని పరుగెత్తుకొస్తోంది.

ఆ నిశ్శబ్దాన్ని నేనెరుగుదును.